బీడు పెట్టిన ఏడు

పిచ్చేశ్వరరావుకు ఖాళీగా కూర్చోవడం చేతకాదు. ఈ సంగతి గుడివాడ చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తెలుసు. భోజనానికి కూర్చున్నా అతని ఎడమచెయ్యి పీట పక్కన నేలను గోకుతూనే ఉండేది. పెళ్లిళ్లలో ముహూర్తం ఆలస్యమైతే పందిరి రాటలు ఊపి చూసి, వదులుగా ఉన్నవాటిని తనే బిగించి వచ్చేవాడు. తన పెళ్లిలోనూ అదే పని చేశాడని భార్య రావమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. అతను ఆమె మేనత్త కొడుకే. బుద్ధి తెలిసినప్పటినుంచీ ఆ మనిషి కాలు ఒకచోట నిలవగా ఆమె చూసింది లేదు.

అలాంటివాడు ఆ ఏడు కుప్పనూర్పుల్లో, కళ్లం మధ్యలో, అందరూ చూస్తుండగా గుండె పట్టుకుని కూలబడ్డాడు. బండిలో గుడివాడకూ, అక్కణ్ణించి రైల్లో బందరుకూ మోసుకుపోయారు. బందరులో డాక్టరు కాంతారావుగారు దొరల సీమలో చదువుకొచ్చినవాడు. కొన్నాళ్లు దగ్గర పెట్టుకుని వైద్యం చేసి, కాస్త తేరుకున్నాక మంచం పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పాడు. ఇలాంటి రోగం వచ్చినవాళ్లను సీమలో వెచ్చగా ఎండ కాసే దీవులకు పంపిస్తారట. వాళ్లక్కడ ఇసకలో కుర్చీలు వేసుకుని నీళ్లకేసి చూస్తూ కూర్చుంటారట. పొలం మాట, అప్పుల మాట, పాలేళ్ల మాట ఎత్తరట. నువ్వూ ఒక నెల అలాంటి చోటికి పోయి కూర్చో, మందు కంటే అదే ముఖ్యం అన్నాడు. "కూర్చుని ఏం చెయ్యాలండీ?" అని అడిగాడు పిచ్చేశ్వరరావు. ఏమీ చెయ్యకూడదన్నాడు డాక్టరు. రోగికి ఆ మాట బుర్రకెక్కలేదని ఇద్దరికీ తెలిసిపోయింది.

తరవాత డాక్టరు రావమ్మను వరండాలోకి పిలిచి గొంతు తగ్గించాడు. "చూడమ్మా, మొదటిసారి కాబట్టి బతికాడు. ఈ పరుగులు మానకపోతే రెండోసారి వస్తుంది. అప్పుడు నా దగ్గరకు తీసుకొచ్చినా చెయ్యగలిగింది ఉండదు."

తిరుగు ప్రయాణంలో రైలు చేల మధ్యగా పోతుంటే పిచ్చేశ్వరరావు కిటికీలోంచి తల బయటపెట్టి, ఎవరి పొలంలో మినుము ఎలా ఉందో చెప్పుకుంటూ వచ్చాడు. రావమ్మ వినలేదు. పిల్లలు లేని ఇంట్లో ఆమెకున్న మనిషి ఆ ఒక్కడే. అతన్ని ఎక్కడ కూర్చోబెట్టాలా అని ఆలోచిస్తోంది. బందరు సముద్రం పనికిరాదు. అక్కణ్ణించి రైలెక్కితే తిన్నది అరిగేలోపు ఇంటి దగ్గరుంటాడు. రైలు కూత వినపడని చోటు కావాలి. వెళ్లడానికి దారి ఉండాలి, రావడానికి ఉండకూడదు.

అలాంటి చోటు ఆమెకు తెలిసింది ఒక్కటే ఉంది. దివిసీమలో నాగాయలంక దాటాక, నది సముద్రంలో కలిసే చోట, ఈతదిబ్బ అని ఒక లంక. అందులో రావమ్మ మేనమామ ధర్మారావుకు సరుగుడు తోట ఉంది. తోట కాపలాకు కట్టిన తాటాకిల్లూ ఉంది. ఒక పక్క నది, మూడు పక్కలా ఉప్పునీళ్లు. తెరచాప నావ వస్తేనే బయటపడడం. ఆ నావ ఎప్పుడు రావాలో తను చెబితే సరిపోతుంది.

రావమ్మ సముద్రాన్ని చూసింది ఒకే ఒక్కసారి. కొత్త కోడలుగా ఉన్నప్పుడు మాఘ పౌర్ణమికి హంసలదీవి తీసుకెళ్లారు. అందరూ స్నానాలు చేస్తుంటే ఆమె ఒడ్డున బట్టల మూటలకు కాపలా కూర్చుంది. తన వంతు వచ్చేసరికి అవతల బళ్లు కడుతున్నారు. గబగబా మునిగి లేచి, తడిబట్టల్తోనే బండెక్కింది. మళ్లీ తీసుకెళ్తానన్నాడు బావ. ఆ మళ్లీ ఇన్నేళ్లలో రాలేదు. ఏడాది పొడుగునా ఏదో ఒక పైరు అడ్డం వచ్చేది.

ఈతదిబ్బ మాట చెప్పగానే పిచ్చేశ్వరరావు కాసేపు ఆలోచించి సరేనన్నాడు. వాదనకు నడుం బిగించి కూర్చున్న రావమ్మ కొంగు వదులు చేసుకుంది. "వెళ్దాం. కానీ ఊరికే పోతే ఎట్లా? ఏర్పాట్లు చూడాలి కదా" అన్నాడు అతను. ఏర్పాట్లంటే రెండు పెట్టెలు, ఒక బియ్యం బస్తా అనుకుంది పిచ్చి తల్లి.

మర్నాటినుంచి మొదలైంది. మంచినీళ్లు ఎట్లా? నది పక్కన చెలమ తీస్తే చాలదు, ఒరలు దించి నుయ్యి తవ్వించాలి. పాలెట్లా? ఈనిన గేదెను తీసుకుపోవాలి. గేదె వెళ్తే దూడ వెళ్లాలి, అవి రెండూ వెళ్తే గడ్డి వెళ్లాలి. గడ్డి వెళ్లాలంటే నావ పెద్దదై ఉండాలి. కూర్చోవడానికి పడకకుర్చీ కావాలని వడ్రంగిని పిలిపించాడు. పిలిపించినవాడు అరుగు మీద ఉండి చెబితే సరిపోయేది. అలా కాక వడ్రంగి వెనకాలే వెళ్లి, దుంగ ఎంచి, కోత దగ్గర నిలబడి, బాడిస తను అందుకోబోతే రావమ్మ పరుగెత్తుకుంటూ వెళ్లి లాక్కోవలసి వచ్చింది. పాతికేళ్లుగా ఆ ఇంట్లో ఉన్న పెద్దపాలేరు ఏడుకొండలును ఇల్లు బాగుచెయ్యడానికి ముందే ఈతదిబ్బకు పంపారు. పంపిన వారానికే, వాడు ఏం తగలేస్తున్నాడో చూసి వస్తానని పిచ్చేశ్వరరావు చెప్పులు తొడుక్కున్నాడు. "చూసి రావడం లేదు. చూడ్డానికి పోతే ఇద్దరం పోయి ఉండిపోవడమే" అంది రావమ్మ, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ఏ పనీ లేకుండా కూర్చోవడానికి ఇంత పని చెయ్యాలా అని ఊళ్లోవాళ్లు నవ్వుకున్నారు. రావమ్మకు నవ్వు రాలేదు. అతను గడప దాటితే ఈమె వీధి గుమ్మంలోనే నిలబడి ఉండేది. అరుగు మీద అతని గొంతు కాసేపు వినపడకపోతే చేతిలో పని పడేసి వచ్చి చూసేది. వంట మాడేది. మరిది గోవర్ధనరావు భార్య అమ్మాజీతో ఉత్తపుణ్యానికి విసుక్కునేది. మాఘమాసం సగం గడిచిపోయింది. బయలుదేరదామని ఒక రోజు అనుకుంటే ఆ రోజు వారశూల. ఇంకో రోజనుకుంటే ఒరలు ఇంకా దిగలేదని కబురు. డాక్టరు అన్న మాట నీడలా ఆమె వెంటే తిరుగుతోంది. ఆ మాట బావకు చెప్పలేదు. చెబితే ఆ బెంగతోనే పడిపోతాడని భయం.

గోవర్ధనరావు మంచివాడే. అన్నయ్యా, నువ్వు నిశ్చింతగా వెళ్లిరా, పొలం నేను చూసుకుంటాను అని రోజూ చెప్పేవాడు. ఆస్తి ఇద్దరిదీ కలిసే ఉంది. తండ్రి పోతూ ఇద్దరి చేతులూ ఒకదాంట్లో ఒకటి పెట్టి పోయాడు, ఆనాటినుంచి ఆ ఇంట్లో పంపకం మాట ఎవరూ ఎత్తలేదు. తమ్ముడు అలా చెప్పినప్పుడల్లా పిచ్చేశ్వరరావు అతని ముఖంలోకి ఒక్క క్షణం ఎక్కువగా చూసేవాడు. పొలం అప్పగించడానికి మనసు రావడం లేదు కాబోలని రావమ్మ అనుకునేది.

ధర్మారావు మావయ్య రెండు మూడుసార్లు దివిసీమనుంచి వచ్చి వెళ్లాడు. వచ్చినప్పుడల్లా మామా అల్లుళ్లు గడ్డివాము చాటున మాట్లాడుకునేవాళ్లు. రావమ్మ మజ్జిగ పట్టుకెళ్తే మాట గేదె మీదకు మారిపోయేది.

ఇంతలో అందరూ నోరు వెళ్లబెట్టే పని ఒకటి జరిగింది. పిచ్చేశ్వరరావు తన ఎడ్లను అమ్మేశాడు. మామూలు ఎడ్లు కావవి. రావమ్మ కాపురానికి వచ్చినప్పుడు ఆమె తండ్రి ఒక ఆవును తోలి పంపాడు. ఆ ఆవు సంతతిలో పుట్టి, అతని చేతి మీద పెరిగి, బండలాగుడు పందేల్లో జిల్లా అంతా పేరు తెచ్చుకున్న జత. కొన్నవాడు తోలుకుపోతుంటే వీధి చివరిదాకా వెళ్లి, వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. గోవర్ధనానికి అవి లొంగవు, అందుకే ఇచ్చేశానన్నాడు. రావమ్మ పైకి నొచ్చుకుంది గాని, లోపల ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఎడ్లనే వదిలేశాడంటే అన్నీ వదిలేస్తాడు. ఇక ఈ మనిషి కూర్చుంటాడు అనుకుంది.

చివరికి ఫాల్గుణం వచ్చాక కదిలారు. ముందు గూడుబండి, వెనక సామాను బళ్లు, వాటి వెనక గేదె. పులిగడ్డ దగ్గర పంటు మీద కృష్ణ దాటారు. అవనిగడ్డలో చిన్న పనుందని ఆమెను చుట్టాలింట్లో దించి, మావయ్యతో వెళ్లిన మనిషి ఎంతసేపటికీ రాలేదు. రావమ్మ వీధిలోకీ లోపలికీ తిరిగి కాళ్లు నొప్పి పుట్టించుకుంది. వచ్చాక ఎక్కడికెళ్లావంటే మోకులు కొన్నానన్నాడు. మోకులు ఏ బండిలోనూ కనపడలేదు. ఆమె అప్పుడా సంగతి పట్టించుకోలేదు. మనిషి వచ్చాడు, అంతే చాలనుకుంది.

ఈతదిబ్బ ఆమె ఊహించినదానికన్నా బాగుంది. ఇంటి ముందు సరుగుడు చెట్లు, అవి దాటితే ఇసక, ఇసక దాటితే సముద్రం. పొద్దున్నే ఎండ ఒళ్లంతా నూనె రాసినట్టు వెచ్చగా పాకేది. రావమ్మ పడకకుర్చీ వేయించి, బావను కూర్చోబెట్టి, కాళ్ల మీద దుప్పటి కప్పి, నావను వెనక్కి పంపేసింది. నావ మలుపు తిరిగి కనపడకుండా పోయాక ఆమె ఎన్నాళ్లకో గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

పిచ్చేశ్వరరావు ఒక చుట్ట కాలేంతసేపు కూర్చున్నాడు. చుట్ట డాక్టరు మాన్పించాడు కాబట్టి ఉత్త చేతులతోనే కూర్చున్నాడు. తరవాత కాలి బొటనవేలితో ఇసక గీశాడు. తరవాత లేచి ఇంటి వెనక్కి వెళ్లాడు.

ఇంటి వెనక, నది వైపు, పోయినేటి వరద తెచ్చి పడేసిన ఒండ్రు ఉంది. నల్లగా, మెత్తగా, అక్కడక్కడా బీటలు వారి, ఎవరూ చెయ్యి పెట్టకుండా పడి ఉంది. రావమ్మ వెళ్లేసరికి అతను గొంతుకూర్చుని చిటికెడు మట్టి నాలిక మీద వేసుకుంటున్నాడు. "ఉప్పు లేదే. చక్కెర" అన్నాడు, పండగపూట బూరె తిన్నవాడిలా ముఖం పెట్టి. మా కృష్ణాజిల్లా రైతు దేన్నయినా వదిలేస్తాడు గాని, ఉత్తగా పడి ఉన్న ఒండ్రును చూసి ముఖం తిప్పుకు పోలేడు. ఈ సంగతి డాక్టరుగారికి సీమ చదువులో చెప్పి ఉండరు. ఆమెకు తెలిసి ఉండాల్సింది.

అక్కణ్ణించి కుర్చీ ఖాళీ. మావయ్య కాస్త చూసి పెట్టమన్నాడని ఒక సాకు చెప్పాడు. ఏడుకొండలును వెంటేసుకుని గట్ల వరసకు తాడు పట్టించాడు. అవతలి లంకనుంచి చేపలవాళ్ల దోనెలో కూలీలను పిలిపించాడు. పుచ్చ, దోస పాదులకు అదును దాటిపోతోందని పొద్దు పొడవకముందే లేచేవాడు. పడకకుర్చీలో గేదె దూడకు కోసిన గడ్డి పెట్టేవారు. వద్దని ఆమె పోట్లాడింది, అలిగింది, ఒక పూట తిండి మానేసింది. ఈ నాలుగు గట్లూ అయిపోనీ అనేవాడు. నాలుగు అయ్యాక ఇంకో నాలుగు వచ్చేవి. రావమ్మ ఇంట్లో ఉండలేక తోటలోకీ, తోటలో ఉండలేక గట్టు మీదకూ తిరిగింది. ఎండ అంత హాయిగా ఉన్నా ఆమెకు అరిచేతులు చల్లబడి ఉండేవి.

ఒక సోమవారం మధ్యాహ్నం గట్టు మీద అతను ఉన్నట్టుండి కూర్చుండిపోవడం ఆమె దూరంనుంచి చూసింది. చెయ్యి రొమ్ము మీదకు వెళ్లింది. పెదవులు బిగిసిపోయాయి. దగ్గరికి పరుగెత్తేసరికి కాలిని తిప్పి చూసుకుంటూ, ముల్లు గుచ్చుకుందన్నాడు. ఆ కాలికి ముల్లు లేదు. రావమ్మ ఏమీ అనకుండా మంచినీళ్లిచ్చి ఇంటికి నడిపించుకు వచ్చింది. ఆ రాత్రి ఆమెకు కన్ను మూతపడలేదు.

మర్నాడు మంగళవారం. అతను మామూలుగా లేచి పొలానికి పోయాడు. పొలంలో ఉన్న మగవాడికి అన్నం అక్కడికే వెళ్లాలి. అన్నం గంప ఏ చెట్టు కింద దిగితే అక్కడికి వచ్చి కూర్చుని తినడం అతనికి చిన్నప్పటినుంచీ అలవాటు. ఆ ముప్పై ఏళ్ల కాపురంలో రావమ్మ గంప చేనికి పోవడం ఒక్కసారీ తప్పలేదు. ఆ రోజు ఆమె వంట చేసి, గంప నెత్తిన పెట్టుకుని, ఇంటి వెనక్కి వెళ్లలేదు. నేరుగా ముందుకు నడిచి, సరుగుళ్లు దాటి, తడి ఇసక దగ్గర గంప దించింది. అక్కడే చతికిలబడి కాళ్లు నీళ్లలోకి చాపింది.

పొద్దు నడినెత్తి దాటింది. అతను గట్టు మీదనుంచి కేకేశాడు. ఆమె పలకలేదు. ఏడుకొండలు వచ్చి చూసి వెళ్లాడు. చివరికి ఆకలి కోపంగా మారి, అతనే వచ్చాడు. మాట విసరబోయి ఆమె కాళ్ల వైపు చూసి ఆగిపోయాడు. పర్వం కాని రోజున సముద్రాన్ని ముట్టుకోకూడదంటారు. ఆ నియమం ఆ ఇంట్లో ఎవరూ తప్పలేదు.

"మంగళవారం పూట సముద్రంలో కాళ్లు పెట్టావేమిటే?"

"అన్నం ఇక్కడుంది. తినాలనుంటే కూర్చో బావా" అంది ఆమె.

నిలబడి తినలేడు. కూర్చున్నాడు. ఆమె విస్తట్లో అన్నం పెట్టింది, పప్పు వేసింది, నెయ్యి వేసింది. అతను కలుపుతుంటే ముఖం సముద్రం వైపే ఉంచి, మెల్లిగా అంది.

"గేదెకు గడ్డి ఏర్పాటు చేశావు. దూడకు చేశావు. నీళ్లకు నుయ్యి తవ్వించావు, కూర్చోవడానికి కుర్చీ చేయించావు. నువ్వు పోయాక నేనెక్కడ కూర్చోవాలో ఆ ఏర్పాటొకటి చెయ్యలేదు."

కలుపుతున్న చెయ్యి ఆగింది.

"ఆ ఏర్పాటే చేస్తున్నానే" అన్నాడు. "ఆ ఒండ్రు చెక్క మావయ్యది కాదు. నీది. వచ్చేటప్పుడు అవనిగడ్డలో నీ పేర రాయించాను. ఎడ్ల డబ్బుతో కొన్నాను. అవి మీ నాన్న నీకిచ్చిన ఆవు సంతతిలో పుట్టినవి. గోవర్ధనం కాదు, ఎవడూ నోరెత్తలేడు."

రావమ్మ తల తిప్పి అతన్ని చూసింది.

"ఆ డాక్టరు నీతో అన్న మాట నేనూ విన్నాను. గోడకు అవతలే కదా పడుకున్నాను. తమ్ముడు నీకు అన్నం తక్కువ చెయ్యడు. కానీ నువ్వు అన్నం కోసం ఇంకొకరి గుమ్మంలో నిలబడకూడదు. పంపకం అడుగుదామంటే నాన్న చెయ్యి గుర్తొస్తుంది. అందుకని ఈ దారి చూశాను. ఒక్క పంట తీసి, గట్లు నిలబెట్టి పోతే తరవాత మావయ్యవాళ్లు నీకు సాగు చేసి పెడతారు. ఎన్నాళ్లుంటానో తెలియదు గదా, అందుకే తొందర."

ఇన్నాళ్లూ ఆమె దాచిన మాట అతనికి తెలుసు. అతను దాచింది ఆమెకే తెలియలేదు. ఒకే ఇంట్లో ఒకరికి తెలియకుండా ఒకరు అదే భయంతో పరుగెత్తారు. రావమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అతని మీద ప్రేమతో ఏడ్చింది. ఆ భూమి కోసం అతను ఖర్చుపెడుతున్నది ఏమిటో తెలిసి కోపంతో కూడా ఏడ్చింది. నిన్న గట్టు మీద గుచ్చుకున్న ముల్లు ఈ భూమిదేనని ఆమెకు అర్థమైంది. అతను ఎంగిలి చెయ్యి ఎత్తి పట్టుకుని, అలాగే కూర్చున్నాడు.

కాసేపటికి ఆమె ముఖం తుడుచుకుంది.

"అయితే అది నాదేనా బావా? నిజంగా నాదేనా?"

"నీదే. నా పేరు ఎక్కడా లేదు."

"నాదయితే నేను చెప్పినట్టు జరగాలి. ఈ ఏడు దాన్ని బీడు పెట్టు."

తను సరిగ్గా వినలేదేమోనని అతనికి అనిపించింది. "ఒండ్రు పడ్డ నేలనా?" అన్నాడు.

"ఒండ్రు పడ్డ నేలనే. ఒక్క గింజ వెయ్యడానికి వీల్లేదు. వేస్తే నేను పీకేస్తాను."

పుట్టి బుద్ధెరిగి అతను సెంటు నేల బీడు పెట్టి ఎరగడు. వాళ్ల నాన్న ఎరగడు, తాత ఎరగడు. వాదించడానికి మాట వెతుక్కున్నాడు. ఏ మాట వెతికినా భూమి ఆమెదేనన్న చోటికే తిరిగి వస్తోంది. ఆ దారి మూసింది తనే.

అంతలో ఏడుకొండలు మళ్లీ వచ్చాడు. చేతిలో తడి గుడ్డ మూట. నానబెట్టి కట్టిన పుచ్చ గింజలకు మొలకలు వచ్చేశాయి, ఈ పూట నేలలో పడకపోతే పనికిరావు, ఏ వైపునుంచి మొదలెట్టమంటారని అడిగాడు. పిచ్చేశ్వరరావు చెయ్యి దానంతటదే మూట వైపు సగం దూరం వెళ్లింది. వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చింది.

"అమ్మగారిని అడుగు. ఆవిడ పొలం" అన్నాడు.

ఏడుకొండలు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. కూలీలను ఇంటికి పంపించి, గేదె దూడ గడ్డి తీసేసి, ఆ కుర్చీ దులిపి ఇక్కడ వేసి పొమ్మని రావమ్మ చెప్పింది. రెండోది కూడా ఏదైనా ఉంటే పట్టుకు రమ్మంది. వాడు మూట గుండెలకు ఆనించుకుని వెళ్లిపోయాడు.

పిచ్చేశ్వరరావు విస్తట్లో అన్నం పూర్తిగా తిన్నాడు. మజ్జిగ కూడా పోయించుకున్నాడు. కళ్లు మాత్రం ఇంటి వెనక్కే వెళ్తున్నాయి.

"గింజలు పాడైపోతాయే" అన్నాడు.

"పోనీ" అంది రావమ్మ.

అతను లేచి, నీళ్లలోకి నాలుగడుగులు వేసి, వంగి సముద్రంలో చెయ్యి కడుక్కున్నాడు. అది మంగళవారమని అతనికి గుర్తు రాలేదు. ఆమె గుర్తు చెయ్యలేదు. వచ్చి ఆమె పక్కన తడి ఇసకలో కూర్చున్నాడు.